కుళ్లాయి, తలపాగా, పరివట్టం: దక్షిణాది తెలుగువారి తలకట్టు చరిత్ర

తల మీద పెట్టుకొనే టోపీలు, చుట్టుకొనే పాగాలు, రుమాళ్లు, కొప్పులో తురుముకొనే నగలు, వీటన్నిటినీ కలిపి తలకట్టు అనుకోవచ్చు. విజయనగర కాలంలో తెలుగు పాలకులు, సైనికులు, రైతులు తుంగభద్ర తీరం నుంచి మధుర, దిండిగల్లు, కోయంబత్తూరు సీమల దాకా విస్తరించారు. ఆ ప్రయాణంలో వారి తలకట్టు మూడు పెద్ద మలుపులు తిరిగింది. మొదటిది విజయనగర ఆస్థానపు నిటారైన కుళ్లాయి. రెండవది మధుర నాయకుల వాలు టోపీ. మూడవది పాళెగాళ్ల చుట్టుపాగా. తలకట్టును బట్టి మనిషి ఏ కొలువుకు చెందినవాడో, అక్కడ అతడి స్థాయి ఎంతో పోల్చుకొనే కాలం అది. కొలువులు మారినప్పుడల్లా తలకట్లూ మారాయి. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే ఐరోపా రాజ్యాలు కూడా టోపీల ఎత్తు మీద, రంగు మీద, ఉన్ని మీద ఎంతో పట్టుదల చూపించాయి.

కుళ్లాయికి ముందు

ఆంధ్రదేశంలో పాగా చాలా పాతది. అమరావతి, నాగార్జునకొండ సున్నపురాతి ఫలకాల్లో రాజులు, ఉపాసకులు దళసరి బట్టను మెలితిప్పి తలకు చుట్టి, నుదుటిపైన పెద్ద ముడిగా నిలబెట్టుకొని కనిపిస్తారు. ఆ తరువాతి శతాబ్దాల శిల్పంలో దేవతలకు కిరీట మకుటం స్థిరపడింది. రైతులు, పశువుల కాపరులు ఎండకు, వానకు తలగుడ్డ చుట్టుకోవడం ఈ మార్పులతో నిమిత్తం లేకుండా సాగుతూ వచ్చింది. ఆస్థానంలో మాత్రం విజయనగర కాలంలో ఒక కొత్త వస్తువు ప్రవేశించింది.

విజయనగర కుళ్లాయి

కుళ్లాయి బట్టతో కుట్టిన ఎత్తైన టోపీ. అడుగున తలకు బిగుతుగా పట్టి, పైకి పోయే కొద్దీ సన్నబడి, కొసన కొంచెం గుండ్రంగా ముగుస్తుంది. చూడటానికి బోర్లించిన పొడుగాటి లోటాలా ఉంటుంది. పారసీక, తురుష్క ప్రపంచంలో కులాహ్ అనే టోపీ ఉండేది. దాని చుట్టూ పాగా చుట్టేవారు. దక్కను సుల్తానుల కొలువుల మీదుగా ఆ టోపీ విజయనగరానికి చేరింది. విజయనగర శిల్పాల్లో, చిత్రాల్లో కుళ్లాయి చుట్టూ పాగా కనబడదు, టోపీ ఒక్కటే నిలుస్తుంది. దానికి జోడీగా మోకాళ్ల కింది దాకా దిగే కబాయి అనే నిలువుటంగీ కూడా ఆస్థానంలోకి వచ్చింది.

ఈ వేషాన్ని లోతుగా చర్చించిన చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్. 1996లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఆస్థానపు దుస్తులనూ, 'హిందూరాయ సురత్రాణ' అనే రాయల బిరుదునూ పక్కపక్కన పెట్టి చూశాడు. అరేబియా నుంచి మధ్య ఆసియా దాకా పెద్ద కొలువులన్నీ గుర్తించే వేషం ఒకటి ఆనాడు ఉండేది. గుర్రాల వర్తకులు, రాయబారులు, సుల్తానుల దూతలు వచ్చే సభలో విజయనగర రాయలు ఆ వేషంతో కూర్చున్నాడు. గుళ్లో ఆయన పూజలు, ఇంట్లో ఆచారాలు మారలేదు. లేపాక్షిలో కుళ్లాయితోనే శివుడికి చేతులు జోడించారు, తిరుమలలో కుళ్లాయితోనే వేంకటేశ్వరుడి ముందు నిలిచారు.

సభకు వెళ్లాలంటే కవికి కూడా ఆ వేషం తప్పేది కాదని తెలుగు చాటువు ఒకటి చెబుతుంది. ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు కుళ్లాయి పెట్టుకొని, పొడుగు అంగీ తొడుక్కొని, అలవాటు లేని తిండి తిని పడిన అవస్థను కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకొన్నట్టు ఆ పద్యం నడుస్తుంది. 15వ శతాబ్దం మొదటి సగంలో ఒక తెలుగు పండితుడికి కుళ్లాయి ఎంత పరాయిగా తోచిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. నూరేళ్లు తిరిగేసరికి అదే టోపీ తెలుగు దొరల సొంత గుర్తు అయిపోయింది.

పోర్చుగీసువారు చూసినది

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పాయిస్ శ్రీకృష్ణదేవరాయలను దగ్గర నుంచి చూశాడు. బంగారు పూల పనితనం ఉన్న తెల్లని బట్టలు, మెడలో వజ్రాల హారం, తల మీద జరీ టోపీ అని రాశాడు. ఆ టోపీ ఆకారం తన పాఠకులకు తెలియడం కోసం స్పెయిన్‌లోని గలీసియా సైనికుల శిరస్త్రాణంతో పోల్చాడు. టోపీ పైన సన్నని పట్టుబట్ట కప్పి ఉందనీ, రాయల కాళ్లకు చెప్పులు లేవనీ, రాజు ఉన్న చోటికి ఎవరూ చెప్పులతో రాకూడదనీ చేర్చాడు. కాళ్లు ఒట్టివి, తల మాత్రం కప్పి ఉండాలి. అదే ఆ కొలువు మర్యాద.

మహానవమి వేడుకల్లో అంతఃపుర స్త్రీలు కూడా ఎత్తైన కుళ్లాయిలు పెట్టుకొని, వాటి మీద పెద్ద ముత్యాలతో కట్టిన పూలు అలంకరించుకొన్నారని పాయిస్ రాశాడు. ఆ తరువాత అచ్యుతరాయల కాలపు సంగతులు రాసిన ఫెర్నావ్ నూనిజ్ రాజు కుళ్లాయి ఒక్కొక్కటి సుమారు 20 క్రుజాదోల ఖరీదు చేస్తుందన్నాడు. రాజు తల మీది నుంచి ఒకసారి తీసిన కుళ్లాయిని మళ్లీ పెట్టుకోడట. వీరిద్దరికన్నా ముందు దువార్తె బార్బోసా నగరంలో చిన్న పాగాలు, పట్టు టోపీలు, జరీ టోపీలు కూడా కనిపిస్తాయని రాశాడు. అంటే కుళ్లాయి ఒక్కటే ఉండేది కాదు, దాని పక్కన పాగా కూడా బతికే ఉంది.

లేపాక్షి, తిరుమల

కుళ్లాయిని కళ్లారా చూడాలంటే లేపాక్షి వీరభద్రాలయంలో తల పైకెత్తాలి. పెనుగొండ సీమలో అచ్యుతరాయల అధికారిగా ఉన్న విరూపణ్ణ, అతడి తమ్ముడు వీరణ్ణ 16వ శతాబ్దంలో ఈ గుడిని తీర్చిదిద్దారు. పైకప్పు చిత్రాల్లో ఆ అన్నదమ్ములు, వారి పరివారం చేతులు జోడించి వరుసగా నిలబడి ఉంటారు. పురుషుల తలల మీద నిటారు కుళ్లాయిలు, వాటి మీద చుక్కలు, చారలు, లతలు. ఒకడి టోపీ మీద ఉన్న నమూనా పక్కవాడి టోపీ మీద ఉండదు. టోపీ అంచు చెవుల పైదాకా దిగి, జుట్టు దాదాపు కనిపించకుండా చేస్తుంది. స్త్రీల తలలు మాత్రం ఒట్టివే, వెనక్కి దువ్వి ముడిచిన కొప్పులు, వాటిలో పూలు, నగలు. ఎర్రమట్టి, పసుపు, నలుపు, సున్నపు తెలుపు, ఆకుపచ్చ రంగులతోనే చిత్రకారులు ఇన్ని అల్లికలు చూపించారు.

తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలు నిలబడి ఉన్నాయి. వాటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి. రాయలు నడుము పైన అంగీ లేకుండా, మెడలో హారాలతో, చేతులు జోడించి, తల మీద పొడుగు కుళ్లాయితో కనిపిస్తాడు. దైవ సన్నిధికి అంగీ విడిచాడు గానీ కుళ్లాయి విడవలేదు. నేటి సినిమాల్లో, నాటకాల్లో రాయలకు పెట్టే కిరీటం కన్నా ఈ టోపీయే ఆయన అసలు తలకట్టు.

అదే కాలపు ఐరోపా

శ్రీనాథుడు కుళ్లాయితో తంటాలు పడిన 15వ శతాబ్దంలోనే బర్గండీ, ఫ్రాన్సు ఆస్థానాల్లో స్త్రీలు హెన్నిన్ అనే శంఖాకారపు టోపీ ధరించారు. నుదుటి మీది వెంట్రుకలు తీయించుకొని, ఎత్తైన ఆ టోపీ కొసన పలచని మేలిముసుగు వేలాడదీసేవారు. పురుషులది షాపెరాన్. అది మొదట భుజాల దాకా కప్పే ముసుగుటోపీ. కాలక్రమంలో దాన్ని అడ్డం తిప్పి తలకు చుట్టుకోవడంతో పాగా లాంటి రూపం వచ్చింది. యాన్ వాన్ ఐక్ 1433లో చిత్రించిన ఎర్ర తలకట్టు మనిషి చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అతడు చుట్టుకొన్నది తూర్పు దేశపు పాగా అని చాలామంది పొరబడతారు, నిజానికి అది షాపెరానే. వెనీసు నగరాధిపతి డోజ్‌కు వెనుక వైపు కొమ్ములా లేచిన గట్టి టోపీ పదవీచిహ్నం.

ఇంగ్లండు ఏకంగా చట్టమే చేసింది. 1571 చట్టం ప్రకారం ఆరేళ్లు పైబడిన సామాన్యులంతా ఆదివారాల్లో, పండుగ రోజుల్లో స్వదేశపు ఉన్ని టోపీ పెట్టుకోవాలి. తప్పితే రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ప్రభువులకు, పెద్ద హోదా ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఉన్ని టోపీలు అల్లేవారి బతుకుతెరువు కాపాడటం దాని ఉద్దేశం. 1597లో చట్టం రద్దయ్యే నాటికి బల్లపరుపు ఉన్ని టోపీ సామాన్యుడి గుర్తుగా స్థిరపడిపోయింది. విజయనగరంలో ఇలాంటి శాసనం అవసరం రాలేదు. ఆ ఖరీదు పెట్టగలిగినవాడు, ఆ కొలువులో నిలబడే అర్హత ఉన్నవాడు మాత్రమే జరీ కుళ్లాయి పెట్టుకొన్నాడు.

మధుర నాయకుల వాలు టోపీ

1371 ప్రాంతానికి కుమార కంపన దండయాత్రతో మధుర విజయనగరం అధీనంలోకి వచ్చింది. 1529లో విశ్వనాథ నాయకుడితో అక్కడ తెలుగు నాయక వంశం మొదలై 1736 దాకా సాగింది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాయల కొలువు పెనుగొండకు, చంద్రగిరికి, వెల్లూరుకు తరలిపోతూ బలం కోల్పోయింది. మధుర, తంజావూరు నాయకులు క్రమంగా స్వతంత్రులయ్యారు. ఆ స్వతంత్రం వారి తలకట్టులో కూడా కనిపిస్తుంది.

తిరుమల నాయకుడు (పాలన 1623–1659) మధుర మీనాక్షి ఆలయం తూర్పు గోపురానికి ఎదురుగా వసంతోత్సవం కోసం పుదు మండపం కట్టించాడు. అక్కడి స్తంభాలకు విశ్వనాథుడి నుంచి తన దాకా నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు పెట్టించాడు. ఈ విగ్రహాల్లో టోపీ విజయనగరపు బిర్రును వదిలేసింది. మెత్తబడి, పొట్టిదై, ఒక పక్కకు వాలింది. తిరుమల నాయకుడి బొజ్జ, నడుముకు చెక్కిన బాకు, చెవులకు బరువైన కుండలాలు, పక్కన రాణులు, అన్నిటినీ శిల్పి పట్టి పట్టి చెక్కాడు. ఆ వంశపు రాజులందరికీ ఒకే రకం తలకట్టు చెక్కించడంతో, వందేళ్ల కిందటి విశ్వనాథుడు కూడా తిరుమల నాయకుడి కాలపు వేషంలోనే కనిపిస్తాడు. మండపం చాలాకాలం కుట్టుపనివారి అంగళ్లతో కిటకిటలాడింది. నాయక రాజుల కాళ్ల దగ్గర కుట్టుమిషన్లు తిరిగేవి. మధుర జనం పండుగ బట్టలు అక్కడ కుట్టించుకొనేవారు.

కొప్పు, కొండై, రాగిడి

నాయక కాలపు స్త్రీల విగ్రహాల్లో తల మీద టోపీ లేదు, కొప్పే తలకట్టు. జుట్టంతా ఒక పక్కకు తెచ్చి పెద్ద ముడిగా నిలబెట్టి, దాని చుట్టూ పూలదండ చుట్టడం ఆ కాలపు ప్రత్యేకత. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్‌కు ఇప్పటికీ పక్కకు వాలిన కొండై, అంటే కొప్పుతోనే అలంకారం చేస్తారు. తాను ముడిచిన దండను రంగనాథుడికి పంపిన ఆ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో రాశాడు. తిరుమల నాయకుడి విగ్రహం ఆ ఆలయంలోనూ ఉంది.

నగల పట్టిక కూడా చిన్నదేమీ కాదు. పాపిట మీద పాపిడిబిళ్ల, దానికి రెండు వైపులా సూర్యవంక, చంద్రవంక, కొప్పు నడిమధ్య రాగిడి, జడ పొడుగునా జడబిళ్లలు. పెళ్లికూతురి ముస్తాబులో, కూచిపూడి, భరతనాట్య వేషాల్లో ఈ సరుకు చెక్కుచెదరకుండా మిగిలింది. పురుషుల కుళ్లాయి పోయినా స్త్రీల తలనగలు నిలిచాయి. పెళ్లీ నాట్యమూ రాజ్యాలతో పాటు కూలిపోలేదు కనుకనే అవి నిలవగలిగాయి.

పాదిరీల తలపాగా

ఐరోపా వారి వేషం మధుర సీమలో తిరగబడింది. 1606లో మధుర చేరిన ఇటలీ జెసూట్ పాదిరీ రాబర్ట్ డి నోబిలి నల్ల అంగీ, టోపీ విడిచి, కాషాయం కట్టి, తలపాగా చుట్టి, పావుకోళ్లు తొడిగాడు. సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకొన్నాడు. ఆ వేషం మీద సాటి పాదిరీల నుంచి ఫిర్యాదులు వెళ్లి, వివాదం రోము దాకా పోయింది. 1623లో పోపు పదిహేనవ గ్రెగొరీ ఆయన పద్ధతికి అనుమతి ఇచ్చాడు. ఒక శతాబ్దం తరువాత వచ్చిన కాన్‌స్టాన్జో బెస్కి, తమిళులు వీరమామునివర్ అని పిలిచే పండితుడు, చిత్రాల్లో తలపాగాతోనే కనిపిస్తాడు. లండన్‌లో, పారిస్‌లో దొరలు బీవరు బొచ్చు టోపీలకు, పెట్టుడు జుట్టుకు అలవాటు పడుతున్న రోజుల్లో ఐరోపా సన్యాసులు కావేరి, వైగై ఒడ్డున పాగా చుట్టడం నేర్చుకొన్నారు.

ఒట్టన్‌చత్రం సీమ పాళెగాళ్లు

విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ ముదలియారు రాజ్యాన్ని 72 పాళెములుగా పంచారని మధుర సంప్రదాయం. దిండిగల్లు నుంచి పళనికి పోయే దారిలో ఒట్టన్‌చత్రం చుట్టుపక్కల పాళెములు దగ్గరదగ్గరగా ఉండేవి. కన్నివాడి, ఇడయకోట, విరూపాక్షి వాటిలో కొన్ని. పాళెగాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులు. నేడు కూరగాయల సంతకు పేరుపడ్డ ఒట్టన్‌చత్రం చుట్టూ ఉన్న పల్లెల్లో తెలుగు ఇంకా ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి.

మధుర కొలువు కూలిపోయాక వాలు టోపీకి ఆధారం పోయింది. 1755లో హైదర్ అలీ మైసూరు తరఫున దిండిగల్లు ఫౌజుదారుగా వచ్చాడు. మైసూరు, ఆర్కాటు, తంజావూరు మరాఠా కొలువులన్నిటా అప్పటికి చుట్టుపాగాదే రాజ్యం. పాళెగాళ్లూ పాగాకు మారారు. శివగంగ రాణి వేలు నాచియారుకు ఆశ్రయం ఇచ్చిన విరూపాక్షి గోపాల నాయకుడు, పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఈ కాలం వారే. కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కయత్తారులో, గోపాల నాయకుడిని 1801లో ఈస్టిండియా కుంపిణీవారు ఉరి తీశారు. వారి స్మారక విగ్రహాలు నేడు తలపాగాతో కనిపిస్తాయి.

రాజకంబళం వారి దేవరాట్టం అనే నృత్యంలో ఆ పాగా ఇంకా ఆడుతోంది. ఉరుమి వాద్యం మోగుతుండగా కాళ్లకు గజ్జెలు, తలకు పాగా, చేతుల్లో రుమాళ్లతో పురుషులు వరుసలు కట్టి అడుగులు వేస్తారు.

1806: పాగా కోసం రక్తపాతం

పాగా మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో కుంపిణీకి వెల్లూరులో తెలిసింది. 1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ సిపాయిలకు కొత్తరకం తలపాగా నిర్ణయించాడు. అది ఐరోపా టోపీలా గుండ్రంగా ఉండి, తోలు తురాయితో వచ్చింది. నుదుట బొట్టు, నామం పెట్టకూడదనీ, గడ్డం గీయించుకోవాలనీ మరో నిబంధన. తోలు తగిలిన టోపీ పెడితే కులం చెడుతుందనీ, ఇది క్రైస్తవంలో కలిపే ఎత్తు అనీ సిపాయిలు భయపడ్డారు. 1806 మే నెలలో కొందరు కొత్త పాగా పెట్టుకోబోమన్నారు. వారిలో ఇద్దరికి చెరి 900 కొరడా దెబ్బలు పడ్డాయి.

జులై 10 తెల్లవారుజామున వెల్లూరు కోట తిరగబడింది. కోటలోని ఆంగ్లేయ సైనికుల్లో వంద మందికి పైగా చనిపోయారు. ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో ఆంగ్లేయ అధికారి గిల్లెస్పీ వచ్చి, మధ్యాహ్నానికల్లా కోటను తిరిగి పట్టుకొన్నాడు. సిపాయిలు వందల్లో చనిపోయారు. కోటలో నివాసం ఉన్న టిప్పు సుల్తాను కొడుకులను కలకత్తాకు తరలించారు. కొత్త పాగా ఉత్తర్వు రద్దయింది. క్రాడక్‌ను, గవర్నరు విలియం బెంటింక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. ఇంగ్లండు తన ప్రజల తలల మీద టోపీ చట్టం పెట్టినప్పుడు జరిమానాతో పోయింది. వెల్లూరులో ప్రాణాలు పోయాయి.

మిగిలినవి

19వ శతాబ్దంలో కచేరీ ఉద్యోగులు, వకీళ్లు, పంతుళ్లు తెల్లపాగాను చదువుకు, పెద్దరికానికి గుర్తు చేశారు. కందుకూరి వీరేశలింగం, గురజాడ అప్పారావు చిత్రాల్లో ఆ పాగా ఉంది. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని రాష్ట్రపతి భవనం దాకా తీసుకుపోయాడు.

దిండిగల్లులో పాగా వంటకానికి పేరై కూర్చుంది. 1957లో అక్కడ బిర్యానీ హోటలు పెట్టిన నాగసామి నాయుడు ఎప్పుడూ తలపాగాతో ఉండేవాడు. తలప్పాకట్టి బిర్యానీ అని జనం పెట్టిన పేరే స్థిరపడి ఇప్పుడు ఎన్నో ఊళ్లలో బోర్డుల మీద ఉంది.

ఆ సీమ పల్లెల్లో తండ్రి కర్మ ముగిశాక బంధువులు కొడుకు తలకు ఉరుమాల కట్టి, ఇంటి బాధ్యత అతడిదని పదిమందిలో ప్రకటిస్తారు. ఆలయాల్లో గౌరవానికి పరివట్టం ఉంది. దేవుడికి తాకించిన పట్టుబట్టను తలకు చుట్టి కట్టడమే పరివట్టం. ఒకప్పుడు పాళెగాడికి, ఊరి పెద్దకు ఎవరి తలకు ముందు కట్టాలన్న దాని మీద తగువులు రేగేవి. నేడు తిరుమల బ్రహ్మోత్సవాల్లో ప్రభుత్వం తరఫున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చినప్పుడు అర్చకులు తలకు పరివట్టం కడతారు. పట్టువస్త్రాల పళ్లెం తల మీద పెట్టుకొని ఆయన మహాద్వారం దాటి లోపలికి నడుస్తాడు.